దెబ్బ ఎందాక వస్తది

ముసలాయన వంగి, మ్యాట్ మీద పిడికిలితో రెండుసార్లు పొడిచి చూశాడు.

"చెయ్యి తియ్యి తాతా. సాహెబుకి చూపించాల్సిన సరుకది," అన్నాడు చక్రధరరావు.

అతను బచేలి ఇనపగనుల ఆఫీసర్ల క్లబ్బులో సామాన్లు చూసుకునే మనిషి. కొత్తగా వచ్చిన పెద్ద సాహెబుకి గోల్ఫ్ పిచ్చి. క్లబ్బు వెనక సిమెంటు గచ్చు మీద పరుచుకుని బంతులు కొట్టడానికి మంచి మ్యాట్ కావాలన్నాడు. రాయపూర్ నుంచి నమూనాకి మూడొచ్చాయి.

"రోజూ పరిచేది నువ్వే కదా, నువ్వే చూసి ఒకటి రాసియ్యి. గురువారం నాలుగింటికి సాహెబు వస్తారు," అన్నాడు క్లబ్బు సెక్రటరీ మూడు రోజుల కిందట. "తేడా వచ్చిందో, మళ్ళీ కొండెక్కుతావు."

నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వుకే చక్రధరరావుకి గుండె జారిపోయింది.

కొండ మీద ఇనపరాయి పిండిచేసే క్రషర్ దగ్గర పదకొండేళ్ళు చేశాడు. ఆ ఎర్రదుమ్ముకి ఊపిరందక రెండుసార్లు ఆస్పత్రి పాలయ్యాడు. నాలుగేళ్ళ కిందట డాక్టరుగారి చీటీ పుణ్యమా అని తేలికపని దొరికి కిందికి దిగాడు. మళ్ళీ పైకెక్కితే తను ఏడాది బతకడు. అది అతనికీ తెలుసు, అతని భార్యకీ తెలుసు.

అందుకే మూడు రోజులుగా గోల్ఫ్ కర్రతో ఒక్కో మ్యాట్ మీద వందేసి దెబ్బలు కొట్టాడు. ఆట రాదు, కొట్టడం మాత్రం వచ్చేసింది. మొదటిది పల్చటిది, అడుగున గట్టి రబ్బరు. దానికి గీత కూడా పడలేదు. రెండోది పరుపులా మెత్తన, కానీ రెండో రోజుకే గడ్డిలాంటి పచ్చటి బొచ్చు ఊడి చేతికొచ్చింది. మూడోది ఒత్తుగా నేసింది, కింద మందపాటి స్పాంజి. దెబ్బ పడ్డచోట కొంచెం నలిగింది. మన్నికకి మొదటిదే మేలని కాగితం రాసిపెట్టుకున్నాడు. ఇక సంతకమే తక్కువ.

"ఇది అరగది బాబూ," అన్నాడు ముసలాయన, మొదటిదాన్ని చూపిస్తూ.

"అందుకే కదా రాశాను."

"చెయ్యి అరుగుతది."

చక్రధరరావుకి ఒళ్ళు మండింది.

"బెల్టు ముక్కల కోసం వచ్చావా? అవిక్కడివ్వరు. స్క్రాప్ యార్డుకెళ్ళు."

రాయి మోసి మోసి అరిగిన కన్వేయర్ బెల్టు ముక్కల్ని పల్లెలవాళ్ళు అడిగి పట్టుకెళ్ళి గుమ్మాల్లో పరుచుకుంటారు. వారానికి ఒకరిద్దరు దారితప్పి క్లబ్బుకొస్తూనే ఉంటారు. ఈయనా ఆ బాపతే అనుకున్నాడు. భుజాన మాసిన తువ్వాలు, కాళ్ళకి చెప్పుల్లేవు, కుడిచేతి వేళ్ళు రెండు ముడుచుకుపోయి ఉన్నాయి.

"బెల్టు నాకేంటికి? నిన్ను చూసిపోదామని వచ్చిన. ఊపిరి మంచిగ ఆడుతుందా బాబూ ఇప్పుడు?"

చక్రధరరావు ఉలిక్కిపడ్డాడు. తన ఆయాసం అంత పైకి వినబడుతోందా? రేపు సాహెబుకీ వినబడితే?

"నా ఊపిరి సంగతి నీకేల? వెళ్ళు తాతా, పనుంది."

ముసలాయన కదల్లేదు.

"బంతి పెట్టకుండ ఒంటిచేత్తోని కొట్టు. రెండో చెయ్యి మోచేతికాడ పెట్టి చూడు. దెబ్బ ఎందాక వస్తదో నీకే ఎరకైతది."

"వెళ్తావా, గార్డుని పిలవమంటావా?"

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. గేటు దగ్గర ఒకసారి ఆగి వెనక్కి చూశాడు.

చక్రధరరావు కలం తీశాడు. సంతకం పడలేదు. ముసలాడి మాట బుర్రలోంచి పోవడం లేదు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, ఒంటిచేత్తో మొదటి మ్యాట్ మీద ఒక్కటి కొట్టాడు. మోచెయ్యి దాటి భుజం దాకా జివ్వుమంది. మూడోదాని మీద కొట్టాడు. దెబ్బ అరచేతిలోనే ఆగిపోయింది.

పాత కాగితం చించేసి మూడోదాని పేరు రాశాడు. సంతకం పెట్టాక భయం ఇంకా పెరిగింది. ఇది ఏడాదిలో చిరిగితే?

మర్నాడు నాలుగింటికి సాహెబు వచ్చాడు. చొక్కా చెయ్యి మడిచాడు. మోచేతికి పట్టీ ఉంది.

మూడో మ్యాట్ మీద ఇరవై బంతులు కొట్టాడు. చక్రధరరావు మ్యాట్ నలిగినచోటే చూస్తున్నాడు. సాహెబు మొదటి మ్యాట్ మీదకి వెళ్ళి ఒక్కటి కొట్టి, మోచెయ్యి పట్టుకుని ఆగిపోయాడు.

"ఇలాంటిదాని మీద కొట్టబట్టే రెండేళ్ళు ఆట మానేశాను," అన్నాడు హిందీలో. "మూడోది ఎవరు ఎంచారు?"

"నేనే సాబ్."

"త్వరగా నలిగినా పరవాలేదు. ఇదే తెప్పించండి."

సెక్రటరీ చక్రధరరావు భుజం తట్టాడు. చక్రధరరావుకి ప్రాణం లేచొచ్చింది, వెంటనే సిగ్గూ ముంచుకొచ్చింది. సైకిలెక్కి తిన్నగా గనివాళ్ళ హాజరూ ఫైళ్ళూ ఉండే టైమాఫీసుకి వెళ్ళాడు. అక్కడి గుమాస్తా తాతబాబు తమ ఊరివైపు మనిషే.

"కుడిచేతి వేళ్ళు రెండు ముడుచుకుపోయిన ముసలాయన. ఎవరో తెలుసా?"

"ఇర్మా. కొండ మీద డ్రిల్లు మిషను పట్టేవోడు, ముప్ఫై ఏళ్ళు. ఆ అదురుకే చేతులు పోయాయి. నిన్ననే రిటైరయ్యాడు."

"ఎక్కడుంటాడు?"

"ఇంకెక్కడ? పొద్దున్న బస్సుకే పోయాడు. జగర్గుండా అవతలెక్కడో ఊరు. బస్సు దిగి రెండ్రోజులు నడవాలట."

"నన్నెందుకు చూడ్డానికొచ్చాడు?"

తాతబాబు అతనివైపు వింతగా చూశాడు.

"నీకు తెలీదేటి?"

లేచి బీరువాలోంచి పాత ఫైలు తీశాడు.

"నాలుగేళ్ళ కిందట తేలికపని ఒక్కటే ఖాళీ వచ్చింది, మీ క్లబ్బులో. జాబితాలో రెండో పేరు నీది."

"మొదటిది?"

తాతబాబు ఒక కాగితం తిప్పి చూపించాడు. అడుగున వంకరగా పడిన వేలిముద్ర, దాని పైన ఎవరో రాసిపెట్టిన ఇర్మా మాట: "నాకు పోయినవి చేతులే, ఆ క్రషర్ బాబుకి ఊపిరే పోతోంది, నా వంతు అతనికియ్యండి."