సీసాడు సముద్రం

అరకు అడవులు, విశాఖ సముద్రం చూసొద్దామని ముదిగుబ్బ నుంచి కొండప్ప, అతని భార్య కదిరమ్మ టూరు బస్సెక్కారు. తిరిగొచ్చింది కొండప్ప ఒక్కడే. ఎండిపోయిన తమ బోరులో పోయడానికి సీసాడు నీళ్లు పట్టుకొస్తానంటూ అలల్లోకి దిగిన కదిరమ్మ మళ్లీ కనిపించలేదు. సీసా మాత్రం నిండుగా, మూత బిగించి, ఒడ్డుకు కొట్టుకొచ్చింది.

ఇల్లు చేరిన రాత్రే చేలోకి పోయి, ఆమె కోరినట్టు ఆ నీళ్లు బోరులో పోశాడు. అలవాటుకొద్దీ ఓ రాయి వేసి పైపుకు చెవి ఆనించాడు. ఏళ్లుగా అడుగున టక్కుమనే రాయి ఈసారి చప్పుడే చేయలేదు. కాసేపటికి లోతున ఎక్కడో అల విరిగింది. చెంపకు ఉప్పుగాలి తగిలింది.

"మేయ్, యాడుండావు?" అన్నాడు పైపులోకి వంగి.

"నీళ్లు పడినాయి," కదిరమ్మ గొంతు సంబరంగా పలికింది. "బిరీన మోటారు దించు. పట్టుకోని పైకొచ్చేకి ఈడ శానామందిమి ఉండాము."