ఒకే మాటకు రెండు మార్కులు

అక్షరాలు అవే కదా, మరి మార్కులెందుకు మారాయి? ఫరా మళ్ళీ స్క్రీన్ చూసింది. షేర్ మార్కెట్ వార్తల్లో భయమెంతో, ఆశెంతో లెక్కగట్టే యాప్ అది. కాలేజీ ప్రాజెక్టుకని తనే రాసుకుంది. మైకు మాత్రం ఈ సాయంత్రమే కలిపింది, ఇంకా ఎవరికీ చెప్పలేదు. పలికిన మాటను యాప్ అక్షరాల్లోకి మార్చుకుని ఆ అక్షరాలనే చదువుతుంది. ఎవరి గొంతన్నది దానికి తెలియదు.

కారంపూడిలో లారీ రిపేరుకు వెళ్ళిన అబ్బా ఇందాక తలుపవతల నుంచి పిలిచాడు.

"తలుపు తియ్యి బేటా, పనైపోయింది."

మైకు ఆ మాటను పట్టుకుంది. భయం, నూటికి నూరు.

ఫరా నవ్వుకుని అదే మాట తను పలికింది. ఆశ, తొంభై.

"తలుపు తియ్యి బేటా, పనైపోయింది." తలుపవతల నుంచి మళ్ళీ అదే మాట, అదే తీరున. భయం, నూరు.

పుట్టినప్పటి నుంచీ విన్న గొంతు అది. తీయకపోతే అబ్బా చలిలో నిలబడిపోతాడు. లేచి గడియ మీద చెయ్యి వేసింది. బండి ఆగిన చప్పుడు విన్నట్టు మాత్రం గుర్తు లేదు.

తలుపవతల ఎవరో మెల్లగా నవ్వారు.

"ఏందే, నా మాటకి ఎన్ని మార్కులేసిందే నీ డబ్బా?"

ఫరా పై గడియ కూడా వేసింది.