రైలు మామ్మ

“లోపల చాప మీద చోటుంది గదా మామ్మా, చెప్పుల మధ్య కూర్చుంటావేంది?”

బ్రహ్మాజీ విసుక్కున్నాడు.

నడికుడిలోని ఆ చిన్న ప్రార్థన మందిరానికి అతను ప్రతి ఆదివారం వస్తాడు. గడప మాత్రం దాటడు. భార్య వనజ లోపల పాటలు పాడుతుంటే, తను బయట చెప్పుల దగ్గర చతికిలబడి వింటాడు. అది తనకు తాను వేసుకున్న శిక్ష. శిక్ష వేసుకోవడంలో కూడా మనిషికి ఒక గర్వం ఉంటుంది. పక్కన ఇంకొకరు కూర్చుంటే అది చెడిపోతుంది.

“నువ్వు కూసున్నవ్ గద బిడ్డా. నేను గూడ కూసుంట,” అంది ముసలామె.

ఆమెది కృష్ణానది అవతలి మాట. పొద్దున రైలు దిగి వస్తుంది, ప్రార్థన కాగానే రైలెక్కి పోతుంది. పేరు అడిగిన పాపాన ఎవరూ పోలేదు. అందరికీ రైలు మామ్మే.

“మీ వైపు చర్చిలు లేవా మామ్మా?” అని వనజ ఒకసారి అడిగింది.

“ఉన్నయ్ బిడ్డా. నాకు ఈడ పనున్నది.”

ఆ పనేమిటో చెప్పలేదు. ప్రతి వారం వచ్చి బ్రహ్మాజీ పక్కనే కూర్చునేది. తెచ్చుకున్న సద్దిలో సగం అతని ముందు పెట్టేది. అతను ముట్టేవాడు కాదు.

సాగర్ కాలువకు నీళ్ళు వదిలారు.

ఆ ఊళ్ళో బాప్తిస్మాలు కాలువలోనే. నీళ్ళొచ్చాక మొదటి ఆదివారం దిగేవాళ్ళు దిగుతారు. అయినవాళ్ళు గట్టు మీద తువ్వాళ్ళు పట్టుకుని నిలబడతారు.

“ఈసారైనా దిగు బ్రహ్మాజీ,” అన్నాడు పాస్టరు బెంజిమిన్, ఆ ఆదివారం గట్టు మీద.

“నాకు రాసిపెట్టి లేదయ్యగారూ. చేసుకున్నోళ్ళకి చేసుకున్నంత.”

“సిలువ దగ్గర ఆ లెక్క లేదయ్యా. నువ్వు చేసుకున్నది ఆయన మోశాడు.”

“నాది మోసేంత తేలిక కాదులే.”

బెంజిమిన్ నిట్టూర్చి నీళ్ళలోకి దిగాడు. రైలు మామ్మ కొత్త తువ్వాలు పట్టుకుని వచ్చి బ్రహ్మాజీ పక్కన నిలబడింది.

“దిగు బిడ్డా. తువ్వాల నేను పట్టుకుంట.”

అతనికి ఎక్కడలేని కోపం వచ్చింది.

“నేనేం చేశానో తెలుసా నీకు? సున్నపురాయి క్వారీలో రాళ్ళు పేల్చే పని నాది. పేల్చే ముందు ఈల వెయ్యాలి. ఆ రోజు తొందరలో వెయ్యలా. యేసోబని, కూలికొచ్చిన పిల్లోడు, కిందనే ఉన్నాడు. ఏ ఊరోడో కూడా ఎన్నడూ అడగలా. పోలీసులొస్తే ఈల వేశానని చెప్పా. వాడే తాగి పడుకుని వినలేదని చెప్పా. చచ్చినోడి మీద తప్పేసి, ఇంటికొచ్చి అన్నం తిన్నా. ఇప్పుడు చెప్పు, దిగమంటావా?”

వనజకు కూడా చెప్పని మాట అది. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి కదా అని నోట్లోంచి వచ్చేసింది.

ముసలామె తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుంది. గట్టు దిగి, దూరంగా తుమ్మచెట్టు కింద కూలబడిపోయింది.

కాలువలో పాట అయిపోయింది. తడిసినవాళ్ళు ఒక్కొక్కరే పైకి వస్తున్నారు. అప్పుడు ముసలామె లేచి మళ్ళీ వచ్చింది.

“ఆ పిలగాడు తాగలేదు గదా?”

“చుక్క ముట్టి ఎరగడు.”

“మంచిది.” ఆమె తువ్వాలు దులిపి మళ్ళీ చేతి మీద వేసుకుంది. “ఇగ దిగు బిడ్డా. అయ్యగారు ఇంకా నీళ్ళల్లనే ఉన్నడు.”

“ఇంత విన్నాక కూడా అదే మాటా? నీకేం పోయింది మామ్మా, ఊరికే చెప్తావు. పోగొట్టుకున్నోళ్ళు చెప్పాల ఆ మాట. ఇంకోసారి నా పక్కన కూర్చోమాక!”

ఆమె తువ్వాలు మడిచి సంచిలో పెట్టుకుంది. వెళ్తూ వెళ్తూ, నీళ్ళలోంచి పైకొచ్చిన బెంజిమిన్ దగ్గర ఆగి ఏదో చెప్పి, స్టేషన్ వైపు నడిచింది.

తర్వాతి ఆదివారం ఆమె రాలేదు. ఆపై వారం కూడా రాలేదు. చెప్పుల దగ్గర ఒంటరిగా కూర్చున్న బ్రహ్మాజీకి సిగ్గేసింది. ఈసారి వస్తే ఆమె సద్ది తినాలనుకున్నాడు.

ఆమె బదులు కబురొచ్చింది.

“మామ్మ గుండెపోటుతో పోయిందయ్యా,” అన్నాడు బెంజిమిన్. “నిన్ను తీసుకురమ్మని ముందే చెప్పింది.”

“నన్నా? నేనేమవుతానని?”

“రైలుకు టైమయింది, పద.”

కృష్ణ అవతల మామ్మ వాళ్ళ చిన్న పల్లె. పెట్టెను గుంతలోకి దించారు. మొదటి పిడికెడు మట్టి కన్నకొడుకు వెయ్యాలి, తర్వాతే మిగతావాళ్ళు. జనమంతా ఎదురుచూస్తున్నారు. ఎవరూ ముందుకు రావడం లేదు.

బెంజిమిన్ వంగి మట్టి తీసి బ్రహ్మాజీ చేతిలో పెట్టాడు.

“నేనేంది అయ్యగారూ? ఆమె కొడుకేడి?”

“ఆమె ఎవరో మొదట్లోనే నీకు చెబుదామన్నా. ఒద్దంది. ‘నేను మన్నించిన్నని గాదు, దేవుడు మన్నించిండని నమ్మి దిగాలె’ అంది.”

బ్రహ్మాజీ చేతిలోంచి మట్టి రాలిపోతోంది.

“ఆ రోజు నీ మాటలన్నీ విన్నాక, కాలువ దగ్గర నాకొక్కటే చెప్పి పోయింది. ‘నేను పోతే, నా యేసోబు ఎయ్యాల్సిన మన్ను ఈ బిడ్డతోనే ఎయ్యించుండ్రి’ అని.”