ఫోటోలో బిడ్డ

"ఈ బిడ్డ కాదు," అన్నాడు గుమాస్తా జయరావు, ఫోటోను బల్ల మీద పడేసి. "ఫోటోలో రెండు జడల బిడ్డ ఉండాది. నువ్వు తెచ్చింది గుండు బిడ్డని."

"అయ్యో సామీ, ఇదే అది! ఇదే నా నాగరత్న," అంది మునెమ్మ. "గుండె ఆపరేషనుకు గవర్మెంటు డబ్బిస్తాదని మీరే గదా కాయితం పంపినారు. డబ్బు మంజూరైతే బిడ్డ తలనీలాలు ఇస్తానని ఏడుకొండలాయనకు మొక్కుకోనుంటి. కాయితం వచ్చింది. నిన్న కొండకు పోయి మొక్కు తీర్చుకోని, నేరుగా ఈడికే వస్తిమి."

"డబ్బు చేతికి రాకముందే మొక్కు తీర్చేస్తే ఎట్లమ్మా?"

"దేవుని మొక్కు ఆపుకుంటారా సామీ?"

జయరావు నవ్వినాడు. అడుగుకొక గుండు ఎదురొచ్చే తిరుపతిలో, బాలల ఆరోగ్య నిధి ఆఫీసులో కూర్చోని, జుట్టు లేకపోతే బిడ్డను గుర్తుపట్టలేనంటాడు ఈ పెద్దమనిషి! ఆయన నెత్తి మీద మాత్రం ఏముండాది? పోయిన నెలే కొండ మీద ఇచ్చుకోనొచ్చినాడు, ఇంకా అరంగుళం కూడా మొలవలేదు.

నాగరత్నకు ఎనిమిదేండ్లు. జబ్బుతో ఎదుగుదల లేక ఆరేండ్ల దాని మాదిరి ఉంటాది. ఆఫీసు మెట్లు నాలుగు ఎక్కినందుకే పెదాలు నేరేడు పండు రంగుకు తిరిగినాయి. అమ్మ కొంగు పట్టుకోని రొప్పుతా ఉండాది.

"ఆ పెదాలు సూడు సామీ. జబ్బు లేని బిడ్డకు అట్లుంటాయా?"

"నేను పెదాలు సూసేది లేదమ్మా, ఫోటో సూస్తా. రేపు ఆడిటోళ్లు వచ్చి, ఒకరి డబ్బు ఇంకొకరికి ఎట్ల ఇస్తివి అంటే నా ఉద్యోగం నువ్విస్తావా?"

"పోనీ, జుట్టు మొలిచినాక తీసకొస్తా సామీ."

"ఈ పొద్దు మార్చి ముప్పై ఒకటి. సాయంత్రం అయిదు దాటితే డబ్బు హైదరాబాదుకు వాపసు పోతాది." గొంతు తగ్గించి, మంచిగానే చెప్పినాడు. "ఇట్లాంటివి శానా సూసినాలేమ్మా. డబ్బు ఒక బిడ్డ పేరున వస్తాది, పక్కింటోళ్లు వాళ్ల బిడ్డను ఎత్తుకోనొస్తారు. పో, ఫోటోలో ఉండే బిడ్డను తీసకరా. అప్పుడే ముద్ర వేసిస్తా."

మునెమ్మ కాళ్లీడ్చుకుంటా బయటికొచ్చింది. వరండాలో చిన్న కూతురు మునిలక్ష్మి లడ్డు ముక్క చప్పరిస్తా కూర్చోనుండాది. ఇంట్లో వదిలితే ఏడుస్తాదని వెంట తెచ్చింది. దానికి ఆరేండ్లు, ఎత్తు అక్క ఎత్తే, మొహమూ అక్క పోలికే. తనకు జుట్టు పోయిందని నాగరత్న తన రిబ్బన్లు చెల్లెలికి ఇచ్చేసింది. ఫోటో దిగిన నాడు కట్టుకున్న రిబ్బన్లే. చిన్నది వాటితో రెండు జడలేసుకోని మురిసిపోతా ఉండాది.

మునెమ్మ కండ్లు ఆ జడల మీద పడినాయి. నాగరత్నను గోడకు ఆనించి కూర్చోబెట్టి, చిన్నదాని మూతి కొంగుతో తుడిచింది.

"పేరడిగితే నాగరత్న అను. ఎన్నేండ్లంటే ఎనిమిది అను. అక్క బతకల్ల గదా తల్లీ."

చిన్నది బుద్ధిగా తల ఊపింది.

జయరావు ఫోటోను, బిడ్డను ఒకటికి రెండు తూర్లు చూసినాడు. "అట్ల రా దారికి! ఇదీ బిడ్డంటే! ఇందాక ఎవురి బిడ్డనో తెచ్చి నాకే టోపీ పెట్టాలని సూస్తివే! సరేలే, ఆడకూతురివని వదిలేస్తాండా."

మునెమ్మ వేలిముద్ర వేయించుకోని, కాయితం మీద ముద్ర గుద్దినాడు. మునెమ్మకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇంక ఆపరేషను చేసే రాయవేలూరు ఆసుపత్రికి పెద్దదాన్నే తీసకపోతే సరి. ఆడ ఎవురూ జడలు అడగరు.

"ఇంగ పోవచ్చా సామీ?"

"ఉండు. లోపల డాక్టరు ఒక తూరి గుండె సూసి సంతకం పెట్టాల. అది రూలు. నువ్వు ఈడే ఉండు, బిడ్డను నేను తీసకపోతా."

తలుపు మూసుకునింది. చిన్నదాని గుండెకు ఏ జబ్బూ లేదే! నిజం చెబుదామంటే వేలిముద్ర వేసేసింది, చేసిన మోసానికి పోలీసోళ్లను పిలుస్తారేమో! కొండ దిక్కు తిరిగి చేతులు జోడించింది. "సామీ, ఈ బిడ్డ గుండెలో కూడా..." అనేసి నాలిక కరుచుకునింది. ఛీ, నేనేం తల్లిని! లెంపలేసుకునింది. గోడ గడియారం నాలుగున్నర చూపిస్తా ఉండాది. వరండాలో నాగరత్న దగ్గు వినిపించింది. మునెమ్మ కండ్లు మూసుకోని, ఆ పాడు మొక్కే మళ్లీ మొక్కుకునింది.

తలుపు తెరుచుకునింది. జయరావు చేతిలో కాయితం మీద అడ్డంగా ఎర్ర గీత. మొహం మాత్రం వెలిగిపోతా ఉండాది.

"అమ్మా, నీ మొక్కు ఊరికే పోలేదు! డాక్టరు మూడు తూర్లు సూసినాడు. గుండె బంగారం మాదిరి ఉండాదంట, జబ్బే లేదంట! పైసా ఖర్చు లేకుండా సామే నయం చేసేసినాడు!" కండ్లు తుడుచుకోని, చిన్నదాని రెండు జడలూ ముద్దుగా నిమిరినాడు. "డబ్బు వాపసు పంపించేస్తాలే. నువ్వు మాత్రం ఆలస్యం చేయాకు తల్లీ. ఈ పొద్దే కొండకు పోయి, ఈ బిడ్డకు గుండు కొట్టించు!"