పేరు పెట్టి పిలిచే మంచం

గవరయ్య గొంతులో గొట్టం, చేతులకు కట్లు. ఆరని దీపాల కింద పగలో రాత్రో తెలియదు. ఐసీయూలో రోగులు బెదిరిపోకుండా ఇప్పుడు మంచాలే ఇంటివాళ్ల గొంతుతో మాట్లాడుతున్నాయి. అతని మంచానిది భార్య నూకరత్నం గొంతు.

"గవరయ్యా, నేనున్నాను గదా" అంటుందది.

అతను మాత్రం మోసపోలేదు. ఇన్నేళ్ల కాపురంలో నూకరత్నం మొగుడి పేరు పలికితే ఒట్టు. "ఇదిగో, నిన్నే" అన్న పిలుపు కోసమే కాచుకుని ఉన్నాడు.

ఆ పూట అతను మగతలో ఉండగా నూకరత్నాన్ని లోపలికి వదిలారు.

"పేరు పెట్టి పిలవండమ్మా, పేషెంట్లు దానికే పలుకుతారు" అని నర్సు ఆమె చెవిలో చెప్పింది.

నూకరత్నం సిగ్గు దిగమింగుకుని వంగింది. "గవరయ్యా... నేనొచ్చాను. ఓపాలి సూడు."

మళ్లీ మంచమే అనుకుని, గవరయ్య తెరవబోయిన కళ్లు గట్టిగా మూసుకున్నాడు.