సూరమ్మ ఇంటికి సాక్షి

కాలిపోయిన ఇంటి ముందు సూరమ్మ ముగ్గు పెట్టింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

గుఢియారీ బస్తీలో రైలు కట్ట పొడుగునా ఉన్న ఎండుగడ్డి గురువారం మధ్యాహ్నం అంటుకుంది. గాలికి మంట తుమ్మ తుప్పల మీదుగా పాకి గుడిసెలన్నిటినీ మింగేసింది. మనుషులు దక్కారు గానీ సామాను దక్కలేదు.

మర్నాడు శుక్రవారం. శుక్రవారం పూట గుమ్మంలో బూడిద ఉంటే సూరమ్మకి ఊపిరాడదు. తెల్లారకుండానే లేచి బూడిదంతా ఎత్తి మురుగు నాలాలో పోసింది. కాలిన వాసాలు లాగి అవతల పారేసింది. పేడనీళ్ళు చల్లి, ఎక్కడిదో సుద్దముక్క దొరికితే ముగ్గు కూడా వేసింది. శ్రీకాకుళం వదిలి ఎన్నేళ్ళయినా ఆమె చీపురు మాత్రం ఊరి పద్ధతి మరవలేదు.

పొద్దెక్కాక పట్వారీ వచ్చాడు. కాలిన ఇళ్ళు చూసి, సర్కారు సాయానికి పేర్లు రాసుకునే ఉద్యోగి. అందరి దగ్గరా బూడిద చూసి రాసుకున్నాడు. సూరమ్మ దగ్గర ముగ్గు చూసి ఆగిపోయాడు.

"ఇక్కడ ఏం కాలింది?" అన్నాడు హిందీలో.

"మా ఇల్లు సాబ్," అన్నాడు సూరమ్మ కొడుకు దుర్గారావు.

"నిన్న కాలిన ఇల్లు ఇంత శుభ్రంగా ఉంటుందా? ఖాళీ జాగా చూపించి సాయం అడిగేవాళ్ళని చాలామందిని చూశాను."

సూరమ్మకి ఏమీ అర్థం కాలేదు. ఇల్లు ఊడిస్తే ఇల్లే లేదంటాడేమిటి ఈ మనిషి?

"పక్కోళ్ళని అడగండి సాబ్."

"వాళ్ళ ఇళ్ళూ కాలాయి. కాలినవాళ్ళు ఒకరికొకరు సాక్ష్యం చెబితే చెల్లదు. ఇల్లు కాలనివాడు, మీ ఇల్లు ఎరిగినవాడు ఒక్కడు చెప్పాలి. లేదంటే నేను రాయలేను."

దుర్గారావు కట్ట అవతలికి పరిగెత్తాడు. కిరాణా కొట్టతను తల అడ్డంగా ఊపాడు. టీ బండివాడు అసలు తల ఎత్తలేదు. సర్కారు కాగితం మీద సంతకమంటే ఎవరికైనా భయమే.

కోడలు ప్రీతి ఒళ్ళో పసిపిల్ల ఏడుస్తోంది. వానలు దగ్గర పడ్డాయి. పేరు ఎక్కకపోతే రేకులు రావు, రేషన్ రాదు. ఈ పిల్లని ఎక్కడ పడుకోబెట్టాలి?

పట్వారీ సంచీ సర్దుకుంటున్నాడు.

"నేను చెబుతాను సాబ్."

అందరూ అటు తిరిగారు. ఖాకీ చొక్కా, నిద్రలేని కళ్ళు. సూరమ్మ అతన్ని ఎన్నడూ చూడలేదు.

"నీ ఇల్లు కాలిందా?" అడిగాడు పట్వారీ.

"లేదు సాబ్."

"ఈ ఇల్లు నీకు తెలుసా?"

"తెలుసు. పొయ్యి ఆ మూల. ఊయల ఈ పక్క దూలానికి. ఊపితే కిర్రుమంటుంది. పెద్దామె పొద్దున్నే గంట కొట్టి దేవుడికి దణ్ణం పెట్టుకుంటుంది."

పట్వారీ సూరమ్మ వైపు చూశాడు. అన్నీ నిజాలే. ఆమె నోరు తెరిచి అలాగే తల ఊపింది.

అతను సంతకం పెట్టాడు. సూరమ్మ పేరు ఎక్కింది.

సంతోషించాల్సిన చోట సూరమ్మకి గాభరా పట్టుకుంది. ఎవరితను? తన ఇంటి గుట్టంతా ఇతనికెలా తెలుసు?

"బ్రోకరై ఉంటాడే అమ్మా. రేపొచ్చి వాటా అడుగుతాడు," అన్నాడు దుర్గారావు.

"బ్రోకరుకి ఊయల సంగతి ఎలా తెలిసిందిరా?"

ఆ మాటతో దుర్గారావు మొహం మారిపోయింది. పెళ్ళాం వైపోసారి చూసి, వెళ్ళి అతని కాలరు పట్టుకున్నాడు.

"మా ఇంట్లోకి తొంగి చూసేవాడివా?"

"ఎప్పుడూ చూడలేదు భయ్యా."

"చూడకుండా ఎలా తెలుసు?"

అతను ఏదో చెప్పబోయాడు. పట్వారీ ఇంకా గల్లీ చివరే ఉన్నాడు. అటు చూసి ఖాకీ చొక్కా మనిషి నోరు మూసుకున్నాడు.

సూరమ్మ కొడుకు చెయ్యి విడిపించింది. విడిపించి, చేతులు జోడించింది.

"సాయం సేసినావు బాబూ, సంతోసం. మరి ఈ సాయలకి రావొద్దు. ఇంట్లో ఆడకూతురు ఉంది."

తెలుగు అతనికి అర్థమైందో లేదో గానీ చేతులు అర్థమైనట్టున్నాయి. తల వంచుకుని వెళ్ళిపోయాడు.

రేకులు వచ్చాయి. రేషన్ ఇస్తామని బడి దగ్గరికి పిలిచారు. సూరమ్మకి మాత్రం మనసు కుదుటపడలేదు. మంచివాడైతే అంత తెలియడమేమిటి, చెడ్డవాడైతే సాక్ష్యం చెప్పడమేమిటి? ఎటు తిప్పి చూసినా లెక్క కుదరలేదు.

కొడుకుతో రేషన్ వరసలో నిలబడితే వెనక గల్లీ చాందిని కలిసింది. ఆ గల్లీకి నాలా చుట్టూ తిరిగి పోవాలి. సూరమ్మ ఎప్పుడూ పోలేదు.

"ఖాకీ చొక్కా మనిషి ఎవరే?" అడిగింది సూరమ్మ తనకొచ్చిన హిందీలో.

"చౌకీదారు. రాత్రంతా డ్యూటీ, పగలంతా నిద్ర. మీ చప్పుళ్ళు వింటూనే పడుకునేవాడు. మీ వెనక తడకే అతని గోడ."

సూరమ్మకి సిగ్గుతో మొహం వాడిపోయింది. దుర్గారావు నేల చూపులు చూశాడు.

"ఒకసారి పిలువే. కాళ్ళ మీద పడతాను."

"లేడమ్మా. సంచీ భుజాన వేసుకుని ఎటో వెళ్ళిపోయాడు."

"ఎందుకెళ్ళాడు? తన ఇల్లు కాలలేదని సాబ్‌తో చెప్పాడు గదా?"

చాందిని వింతగా చూసింది.

"తడక ఒకటే అయితే అతనిది మాత్రం మిగులుతుందా అమ్మా? కాలిందంటే మీకు సాక్ష్యం చెల్లదని, తన ఇల్లు వదిలేసుకున్నాడు."