గీత పడని కిట్

"ఇది పనిచేయలేదండీ."

మందుల కొట్టు బల్ల మీద ఆమె టెస్టు కిట్ పెట్టింది. కళ్ల దాకా మాస్కు కట్టుకుంది. దూరంగానే నిలబడింది.

యజమాని దాన్ని ముట్టుకోలేదు. ఏమిటన్నట్టు కనుబొమ్మలు ఎగరేశాడు.

"రెండు గీతలు పడితే జబ్బున్నట్టు, ఒక్కటే పడితే లేనట్టు అన్నారు కదా. దీంట్లో అసలు ఏ గీతా పడలేదు."

ఆయనకు వెంటనే అర్థమైంది. ఆ ఒక్క గీతా పడలేదంటే కిట్టే పాడైనట్టు. వేసవంతా ఆ పెట్టెలు రేకుల షెడ్డులో ఉడికాయి. చల్లటి గదిలో టానిక్కులున్నాయి మరి. లాభం ఎక్కువున్న సరుకుకే నీడ. అది ఆయన లెక్క.

ఒక్కరికి మార్చి ఇస్తే వీధంతా వరస కడుతుంది. అదీ లెక్కే.

"ఒక్క గీత పడితేనే జబ్బు లేనట్టు కదా! అసలేదీ పడకపోతే ఇంకెంత మంచిదమ్మా? సంతోషించక గొడవకొచ్చావా?"

వెనక నిలబడ్డవాళ్లు నవ్వారు.

"నవ్వులాట కాదండీ. రాత్రి నుంచీ ఒళ్లు కాలుతోంది. మంచం పట్టిన పెద్దావిణ్ణి చూసుకునే పని నాది. ఆవిడ ఊపిరే అంతంతమాత్రం. నాకు అంటుకుని ఉంటే ఆ గడప తొక్కను. ఇంకో కిట్ ఇప్పించండి."

"అమ్మిన సరుకు వెనక్కి తీసుకోం. బోర్డు కనపడలేదా?"

"పోనీ, ఇది పనికిరాదని ఒక్క మాట చెప్పండి. ఇవాళ పని మానేస్తాను."

నలుగురూ వింటుండగా ఆ ఒక్క మాటా అంటే షెడ్డులో సరుకంతా చెత్తకుప్పకే.

"పని ఎగ్గొట్టాలనుంటే ఎగ్గొట్టు. నా సరుకు మీదకి తోయకు. కిట్ బ్రహ్మాండంగా ఉంది, నీకే రోగమూ లేదు. ముసలిప్రాణానికి గ్యారంటీ కార్డు కూడా నేనే రాసివ్వాలా? జరుగు, జరుగు, బేరాలు పోతున్నాయి!"

ఆమె బల్ల మీది కిట్‌ను తిరిగి చేతిలోకి తీసుకుంది.

"మందులమ్మేవారు. ఇలాంటి విషయంలో అబద్ధమాడరులెండి. మీ మాట మీదే వెళ్తున్నాను."

"వెళ్లు తల్లీ, వెళ్లు."

ఆమె వెళ్లగానే వెనకున్నవాళ్లు తలో కిట్టూ కొనుక్కున్నారు. గొడవ కూడా బేరానికే కలిసొచ్చిందని ఆయన మీసం దువ్వుకున్నాడు.

మధ్యాహ్నం ఇంటి నుంచి చెల్లెలు ఫోన్ చేసింది.

"అన్నయ్యా, మొన్న కుదుర్చుకున్న మనిషిని నువ్వు చూడనే లేదుగా, నువ్వు కొట్టుకెళ్లాకే వస్తుంది. ఎంత నిజాయితీపరురాలో! ఒంట్లో బాగాలేదని పొద్దున గుమ్మం బయటే ఆగిపోయింది. నాకూ భయమేసింది. ఎవరో మందుల కొట్టాయన ఏ రోగమూ లేదని గట్టిగా చెప్పాడట. అప్పుడు లోపలికి రమ్మన్నాను."

ఆయన బేరం వదిలేసి లేచి నిలబడ్డాడు.

"ఇప్పుడెక్కడుంది?"

"ఇంకెక్కడ? అమ్మను గుండెకు ఆనించుకుని, గుక్కగుక్కగా పాలు తాగిస్తోంది."